మండీ లెక్కల కింద ఉన్న సరంజామా

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పెద్ద ఐటీ కంపెనీలు ఆ తేదీ కోసం ముందే ఏర్పాట్లు చేసుకున్నాయి. ఆదోని లాంటి వ్యాపార పట్టణాల్లో మాత్రం అది కొత్త పత్తి యార్డుకు రావడం మొదలయ్యే రోజుల్లో వచ్చిపడింది. పైగా ఇక్కడ దాని అర్థం వేరు. డాస్ కాలంలో రాసిన ప్రోగ్రాములను నేరుగా నడపగలిగిన చివరి విండోస్, విండోస్ 10లోని 32 బిట్ల రకం. విండోస్ 11 కేవలం 64 బిట్లలోనే వస్తుంది. 16 బిట్ల ప్రోగ్రాము మీద నొక్కితే, ఇది ఈ కంప్యూటర్లో నడవదని చెప్పి ఊరుకుంటుంది. అంటే 1990లలో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాముతో నేటికీ బిల్లులు కొడుతున్న దుకాణానికి, కంప్యూటర్ మార్చిన రోజే లెక్కలు ఆగిపోతాయి.

అలాంటి ప్రోగ్రాములు ఇంకా ఎందుకు ఉన్నాయని అడిగేవాళ్లు ఒకసారి మండీ లెక్క ఎలా ఉంటుందో చూడాలి. ఆదోని యార్డుకు పత్తి, వేరుశనగ, ఆముదం వస్తాయి. ఊరికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు తెచ్చిపెట్టింది ఈ వ్యాపారమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. ఇప్పటికీ సరుకూ, రైతూ, వ్యాపారీ కర్ణాటక సరిహద్దును రోజూ దాటుతూనే ఉంటారు. ఒక్క లాటు అమ్ముడుపోతే తూకం, ధర, హమాలీ, కాటా ఖర్చు, మార్కెట్ ఫీజు, రైతు అంతకుముందు తీసుకున్న అడ్వాన్సు, మిగిలిన బాకీ, అన్నీ ఒకే చీటీలోకి రావాలి. పక్కనున్న ఎమ్మిగనూరు దారి మరొకటి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. మగ్గం లెక్కలో నూలు కిలోల్లో ఇస్తారు, బట్ట మీటర్లలోనో, ముక్కల లెక్కలోనో తీసుకుంటారు, కూలి నేసిన దాన్నిబట్టి కడతారు. ఇంత మెలికలున్న లెక్క అంగట్లో దొరికే ప్యాకేజీలో యథాతథంగా ఇమడదు. అందుకే ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చిన కుర్రాడొకడు గుమాస్తా పక్కన కూర్చుని, అతను చెప్పింది చెప్పినట్టు ప్రోగ్రాము రాసిచ్చాడు. ఆ కుర్రాడు తర్వాత బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోయాడు. గుమాస్తా రిటైరయ్యాడు. పద్ధతి ప్రోగ్రాములో ఉండిపోయింది.

కాబట్టి ‘పాతది పారేసి కొత్తది కొనుక్కోండి’ అనే సలహా నాకు నచ్చదు. పారేసేది పాత కంప్యూటర్ కాదు, ఆ దుకాణం పాతికేళ్లుగా నేర్చుకున్న వ్యాపార నియమాలు. అలాగని ఆ ప్రోగ్రామును అలాగే పట్టుకు వేలాడనూ లేము. ఏది మార్చాలి, ఏది నిలబెట్టాలి అన్నది తేల్చాలంటే, ప్రోగ్రాము దేని మీద నిలబడి నడుస్తోందో ముందు తెలియాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని రన్‌టైమ్ ఎన్విరాన్‌మెంట్ అంటారు.

మనం రాసే ప్రోగ్రాము ఎప్పుడూ ఒంటరిగా నడవదు. ఫాక్స్‌ప్రోలో తయారైన ప్రోగ్రాము పక్కన ఫాక్స్‌ప్రో రన్‌టైమ్ లైబ్రరీ ఉంటేనే కదులుతుంది. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6లో రాసిన దానికి ఆ భాష రన్‌టైమ్ ఫైలు కావాలి, తెర మీద కనిపించే గళ్లూ బటన్లూ గీసే మరికొన్ని ఫైళ్లు రిజిస్టర్ అయి ఉండాలి. జావా ప్రోగ్రాముకు జావా వర్చువల్ మెషీన్ కావాలి. వాటి కింద ఆపరేటింగ్ సిస్టమ్, దాని కింద ప్రాసెసర్. పక్కన ప్రింటర్, ఫాంటు, తేదీ రాసే పద్ధతి, ఫైళ్లున్న డ్రైవు అక్షరం, కాపీ కొట్టకుండా వెనక గుచ్చిన హార్డ్‌వేర్ లాక్. వీటిలో ఏ ఒక్కటి మారినా, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకపోయినా, ఫలితం మారవచ్చు. కొన్ని మార్పులు ప్రోగ్రామును ఆపేస్తాయి. వాటితో పెద్ద ప్రమాదం లేదు, వెంటనే తెలిసిపోతుంది కాబట్టి. భయపడాల్సింది ప్రోగ్రాము ఆగకుండా నడుస్తూ తప్పు లెక్క ఇచ్చే మార్పులకు.

ఆపేసే రకానికి మంచి ఉదాహరణ 1990ల చివర్లో కనిపించింది. టర్బో పాస్కల్‌లో రాసిన ఎన్నో ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్లలో తెరవగానే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అంటూ మూతపడ్డాయి. ఆ భాష లైబ్రరీ ప్రోగ్రాము మొదలవుతున్నప్పుడు ప్రాసెసర్ ఎంత వేగంగా ఉందో కొలుచుకునేది. అందుకు ఒక చిన్న కాలవ్యవధిలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి భాగహారం చేసేది. ప్రాసెసర్లు సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటేసరికి ఆ భాగఫలం దానికి కేటాయించిన చోట పట్టలేదు. ఫాక్స్‌ప్రో 2.6 కూడా వేగవంతమైన యంత్రాల మీద ఇదే జాతి లోపంతో పడిపోయింది. ప్రోగ్రామర్ తప్పు లేదు, వ్యాపారి తప్పు లేదు. యంత్రం వేగం పెరగడమే కారణం.

రెండో రకానికి తేదీ చాలు. కంప్యూటర్ పాడై, కుర్రాడొకడు వచ్చి విండోస్ మళ్లీ ఎక్కించి, ప్రాంతీయ అమరికను అమెరికా పద్ధతిలో వదిలేసి వెళ్లాడనుకుందాం. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాము 03/04/2023 అన్న బిల్లు తేదీని విండోస్ ఎలా చదవమంటే అలా చదువుతుంది. మనం ఏప్రిల్ 3 అనుకున్నది దానికి మార్చి 4. మరి 13/04/2023? పదమూడో నెల లేదు కాబట్టి ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ చేయకుండా తనే తిప్పి ఏప్రిల్ 13గా తీసుకుంటుంది. దీని పర్యవసానం చూడండి. ఏప్రిల్ 1, 2, 3 తేదీల బిల్లులు జనవరి, ఫిబ్రవరి, మార్చి 4లుగా మారి, ముగిసిపోయిన ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతాయి. నాలుగో తేదీ బిల్లు సరిగ్గానే ఉంటుంది. 5 నుంచి 12 దాకా ఉన్నవి మే నుంచి డిసెంబరు వరకు చెల్లాచెదురవుతాయి. 13 నుంచి నెలాఖరు దాకా అంతా సవ్యం. ఎవరైనా నెల మధ్యలో నాలుగు బిల్లులు తీసి చూసి ‘అన్నీ బాగున్నాయి’ అనేస్తారు. ఆడిటర్ చేతికి పోయాకే సంగతి బయటపడుతుంది.

దీనికన్నా సన్నగా దొర్లే తేడా ఒకటుంది. రైతుకు చెల్లించాల్సిన మొత్తం 1,24,562 రూపాయల 50 పైసలు వచ్చింది, రూపాయికి సవరించాలి. ఫాక్స్‌ప్రోలోని రౌండ్ ఫంక్షన్ అర్ధను పైకి నెట్టి 1,24,563 అంటుంది. అదే లెక్కను సీ షార్ప్‌లో తిరిగి రాస్తే, అక్కడి మ్యాథ్ రౌండ్ ఫంక్షన్ వేరే చెప్పకపోతే దగ్గరి సరి సంఖ్యకు జరిపి 1,24,562 అంటుంది. ఎప్పుడూ పైకే నెడితే వేలాది బిల్లుల్లో మొత్తం ఒకవైపు మొగ్గుతుంది కాబట్టి సరి సంఖ్య వైపు జరపడమూ శాస్త్రీయమైన పద్ధతే. కానీ ఆదోని మండీలో మామూలు ఏమిటన్నది మైక్రోసాఫ్ట్ నిర్ణయించేది కాదు. సరిగ్గా అర్ధరూపాయితో ముగిసే బిల్లుల్లో సగం పాత లెక్కతో కలుస్తాయి, సగం కలవవు. రూపాయి తేడానే అయినా, ఏళ్ల తరబడి ఒకే ఏజెంటు దగ్గర సరుకు పెట్టిన రైతు చీటీ చూసి అడిగితే జవాబుండాలి. ప్రోగ్రామును కొత్త భాషలోకి మార్చేవాళ్లు సూత్రాలను జాగ్రత్తగా ఎక్కిస్తారు. సూత్రం కింద రన్‌టైమ్ చడీచప్పుడు లేకుండా చేసిపెడుతున్న పనులను మరిచిపోతారు.

తెలుగు అక్షరం సంగతి కూడా అంతే. డాస్ రోజుల్లో తెర మీద తెలుగు రావాలంటే ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి సీ-డాక్ చేతికి వచ్చిన జిస్ట్ కార్డును కంప్యూటర్ లోపల గుచ్చాల్సి వచ్చేది. తర్వాత డీటీపీ ఫాంట్లు వచ్చాయి. వాటిలో మనం చూసే తెలుగు నిజానికి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంటు తీసేస్తే రైతు పేరు అర్థంకాని గుర్తుల వరుసగా మిగులుతుంది. 1991లో యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దొరికింది. విండోస్ ఎక్స్‌పీ నుంచి గౌతమి ఫాంటుతో అది అందరి కంప్యూటర్లలోకీ వచ్చింది. పాత సమాచారం మాత్రం తనంతట తాను మారదు. ఒక ఒత్తు, ఒక గుడి పాత ఫాంట్లో రెండు మూడు ముక్కలుగా, కొన్నిసార్లు వేర్వేరు వరుసల్లో నిల్వ ఉంటాయి కాబట్టి అక్షరానికి అక్షరం మార్చే పట్టిక సరిపోదు. తెలుగు, కన్నడ, ఉర్దూ పేర్లు కలగలిసిన ఆదోని ఖాతాల్లో మార్చాక ప్రతి పేరునూ ఆ ఊరి మనిషి ఒకరు చదివి చూడాల్సిందే. ఈ పని యంత్రానికి వదిలేస్తే రైతు పేరు పోతుంది, పేరు పోతే బాకీ ఎవరిదో తెలియదు.

ప్రింటర్ గురించి నాలుగు మాటలు. కార్బన్ పెట్టి ఒకేసారి మూడు ప్రతులు కొట్టడానికి డాట్ మ్యాట్రిక్స్‌ను మించింది లేదు కాబట్టి మండీలు దాన్ని వదలవు. పాత ప్రోగ్రాము ప్రింటర్ పోర్టుకు సంకేతాలు నేరుగా పంపుతుంది. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు. యూఎస్‌బీ ప్రింటర్‌ను నెట్‌వర్కులో షేర్ చేసి, పాత పోర్టు పేరును దానికి తగిలించి పని గడుపుతారు. ఈ అతుకు ఎవరు వేశారో, ఎలా వేశారో కాగితం మీద రాసిపెట్టుకోవడం తప్పనిసరి.

ఇక పాత ప్రోగ్రాములను నిజంగా కదిలించింది పన్నుల చట్టం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఆ ఏడాది నవంబరు 15 నుంచి రైతు దగ్గర కొనే ముడి పత్తికి పన్ను కొన్నవాళ్లే కట్టాలి అన్నారు. ఆంధ్రప్రదేశ్ కోడు 37, కర్ణాటక 29. బిల్లు సరిహద్దు దాటితే పన్ను రకమే మారుతుంది. ఇవన్నీ లెక్క మార్పులు, పాత ప్రోగ్రాములోనే సవరించవచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి ఏటా 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులు ఇతర వ్యాపారులకిచ్చే ప్రతి ఇన్‌వాయిస్‌ను ప్రభుత్వ పోర్టల్‌కు పంపి, 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, సంతకంతో కూడిన క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలన్న నియమం ఆ కోవలోది కాదు. పత్తి జిన్నింగు మిల్లు ఐదు కోట్లు దాటడం పెద్ద విషయమేమీ కాదు. ఇప్పుడు ప్రోగ్రాము ఇంటర్నెట్టుతో మాట్లాడాలి.

అక్కడే రన్‌టైమ్ అసలు పాత్ర బయటపడుతుంది. నేటి సర్వర్లు టీఎల్‌ఎస్ 1.2 అనే రహస్య సంభాషణ పద్ధతి కన్నా పాతదాన్ని ఒప్పుకోవు. విండోస్ ఎక్స్‌పీకి అది తెలియదు. విండోస్ 7కు తెలుసు, కానీ విడిగా అప్‌డేట్ వేసి, మీట తిప్పితే తప్ప చాలా ప్రోగ్రాములకు అందివ్వదు. విండోస్ 10లో మొదటి నుంచే సిద్ధంగా ఉంటుంది. జావా 7లో ఆ సౌకర్యం ఉన్నా మూసి ఉంచారు, జావా 8లో తెరిచిపెట్టారు. కాబట్టి విండోస్ సొంత సదుపాయాన్నే వాడుకునే ఒకే విజువల్ బేసిక్ ప్రోగ్రాము, ఒక్క అక్షరం మార్చకుండా, ఒక కంప్యూటర్లో పోర్టల్‌తో మాట్లాడుతుంది, పక్క కంప్యూటర్లో ‘కనెక్షన్ కుదరలేదు’ అంటుంది. అలాంటప్పుడు ప్రోగ్రామర్‌ను పిలిపించి కోడు వెతికించినా దొరికేదేమీ ఉండదు.

ఇంత సరంజామాను ఎలా సంభాళించాలి? మొదటి పని, పాతది నడుస్తుండగానే దాన్ని ఉన్నదున్నట్టు భద్రపరచడం. పాత హార్డ్ డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి, వర్చువల్ మెషీన్‌గా కొత్త కంప్యూటర్లో నడపవచ్చు. ఈ ఆలోచన 1960లలో ఐబీఎం పెద్ద యంత్రాల మీద మొదలైంది. ఇప్పుడు విండోస్ ప్రో ఎడిషన్లలోనే హైపర్-వీ రూపంలో దొరుకుతుంది. డాస్ ప్రోగ్రాములకైతే ఎమ్యులేటర్లున్నాయి. డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, దానికి ఖాతా ఫైళ్ల రికార్డులను లాక్ చేయడం, ప్రింటింగ్ అంత నమ్మకంగా రావు. వీడాస్ అనేదాన్ని ఇలాంటి వ్యాపార ప్రోగ్రాముల కోసమే తయారుచేశారు. ఏది వాడినా పాత విండోస్ ఉన్న వర్చువల్ మెషీన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఖాతాల ఫైళ్లు ఆ మెషీన్ బయట వేరే ఫోల్డర్లో ఉండాలి. ఈ చివరి మాట ఎందుకంటే, వర్చువల్ మెషీన్ మొరాయించినప్పుడు వారం కిందటి స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పడం అందరూ చేసే పనే. ఖాతాలూ లోపలే ఉంటే వారం రోజుల బిల్లులూ వెనక్కి పోతాయి.

ఇలా కాలాన్ని ఆపి ఉంచుకున్నాక తొందర ఉండదు. తొందర ఎంత చేటో 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు చూపించింది. సుమారు 50 లక్షల ఖాతాదారుల లెక్కలను ఒక్క వారాంతంలో కొత్త వేదిక మీదికి మార్చారు. సమాచారం చెక్కుచెదరకుండా వచ్చింది. పడిపోయింది ఆ సమాచారం నడవాల్సిన వేదిక. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. నియంత్రణ సంస్థలు 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. లెక్కలు సరిగ్గా ఉన్నాయా అని మాత్రమే చూసి, అవి నడిచే చోటును అసలు బరువుతో పరీక్షించకపోవడం దుకాణం స్థాయిలోనూ జరిగే తప్పే.

ముక్కలు ముక్కలుగా మార్చడమే నేను నమ్మే దారి. మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ రచయిత 2004లో ఈ పద్ధతికి ఆస్ట్రేలియా అడవుల్లో చూసిన ఒక జాతి మర్రి పేరు పెట్టాడు. మన పొలాల గట్ల మీద తాటిచెట్టుకు చుట్టుకుని పెరిగే రావి, మర్రి ఆ జాతివే. పక్షి వేసిన విత్తనం తాటి మట్టల్లో మొలిచి, వేళ్లు కిందికి దించి, నేలను అందుకుని, సొంతంగా నిలబడేదాకా తాటి మీదే ఆధారపడుతుంది. మండీ లెక్కల్లో మొదటి మొలక ఈ-ఇన్‌వాయిస్ కావాలి. పాత ప్రోగ్రాము బిల్లును ఎప్పటిలాగే డీబీఎఫ్ అనే తన ఖాతా ఫైలులో రాస్తుంది. కొత్తగా రాసిన చిన్న ప్రోగ్రాము ఆ ఫైలును చదవడానికి మాత్రమే తెరిచి, పోర్టల్‌తో మాట్లాడి, తిరిగివచ్చిన సంఖ్యను, క్యూఆర్ కోడ్‌ను తన దగ్గర దాచి బిల్లు మీద ముద్రిస్తుంది. పాతదానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, కొత్తదానికి హమాలీ లెక్క తెలియనక్కర్లేదు. అది కుదిరాక సరుకు నిల్వలు, ఆ తర్వాత రైతు ఖాతాలు. వడ్డీ, అడ్వాన్సుల లెక్క చివరికి ఉంచాలి, దుకాణం సొంత పద్ధతులు అన్నిటికన్నా ఎక్కువగా దాగి ఉండేది అక్కడే.

కొత్త ప్రోగ్రాముకూ రన్‌టైమ్ ఉంటుంది, దాని ఆయుష్షు పాతదానికన్నా తక్కువ కావచ్చు. విజువల్ ఫాక్స్‌ప్రో 9కి మద్దతు 2015 జనవరిలో ఆగిపోయినా, అది 32 బిట్లది కాబట్టి విండోస్ 11 మీద ఇప్పటికీ నడుస్తుంది. విజువల్ బేసిక్ 6 రన్‌టైమ్‌ను మైక్రోసాఫ్ట్ నేటి విండోస్‌తోనూ ఇస్తోంది. 2023 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 8 దీర్ఘకాలిక మద్దతున్న రకమే, దాని గడువు 2026 నవంబరు 10. అంటే మూడేళ్లు. పైథాన్ 2 మీద కట్టుకున్నవాళ్లు 2020 జనవరి 1న నేల విడిచినట్టయ్యారు. కాబట్టి కొత్తది రాయించేటప్పుడు వ్యాపారి అడగాల్సిన కాగితాలున్నాయి. ఏ రన్‌టైమ్, ఏ వెర్షన్, దాని గడువు ఎప్పుడు, వాడిన లైబ్రరీల పేర్లు, వెర్షన్లు. రన్‌టైమ్‌ను ప్రోగ్రాముతో కలిపి ఒకే ఫోల్డర్లో ఇచ్చే పద్ధతి డాట్‌నెట్‌లో ఉంది. జావాలోనూ చేయవచ్చు. అలా ఇస్తే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు ఇది చెడిపోదు. సర్వర్ మీద నడిచేవాటికి 2013లో వచ్చిన డాకర్ లాంటి కంటెయినర్లు ఇదే పని ఇంకా కట్టుదిట్టంగా చేస్తాయి. ఒక మండీకి అంత అవసరం లేదు, పది మిల్లులకు సేవ చేసే ఆడిటర్ ఆఫీసుకు ఉండొచ్చు. ఇలా కట్టిపెట్టినవాటికి భద్రతా సవరణలు వాటంతట అవి రావు. ఏడాదికొకసారైనా కొత్త రన్‌టైమ్‌తో మళ్లీ కట్టి పరీక్షించే మనిషితో ఒప్పందం ఉండాలి.

బ్రౌజరులో నడుస్తుంది కాబట్టి ఈ గొడవ లేదనుకోవడానికీ వీల్లేదు. డిజిటల్ సంతకానికి జావా యాప్లెట్ వాడిన సైట్లు 2015లో క్రోమ్ 45 వచ్చాక అందులో మూగబోయాయి. యాక్టివ్‌ఎక్స్ మీద ఆధారపడినవి 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వెళ్లిపోవడంతో చిక్కుల్లో పడ్డాయి. బ్రౌజరూ ఒక రన్‌టైమే.

పాతదీ కొత్తదీ పక్కపక్కన ఎన్నాళ్లు నడపాలన్న ప్రశ్నకు మండీ క్యాలెండరే జవాబు. పత్తి జోరుగా వచ్చే నెలలు దాటాలి, మార్చి 31న ఖాతాలు మూసి నిల్వలు ముందుకు తేవాలి, ఏప్రిల్ మొదటి పన్నెండు రోజుల బిల్లుల తేదీలు సరిచూడాలి. రెండు ప్రోగ్రాముల లెక్కలూ పైసాతో సహా కలవాలి, కలవని చోట కారణం రాసిపెట్టుకోవాలి. అప్పుడు కూడా పాత వర్చువల్ మెషీన్‌ను చెరిపేయకూడదు. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఖాతాలు చూపగలిగే స్థితిలో ఉండాలి. 2024-25 సంవత్సరం లెక్కలకు ఆ రిటర్ను గడువు 2025 డిసెంబరు 31. అంటే ఆ ఏడాది బిల్లులను ఫాక్స్‌ప్రోలో కొట్టిన దుకాణం, ఆ ప్రోగ్రాము తెరుచుకునే ఏర్పాటును 2031 డిసెంబరు ఆఖరుదాకా ఉంచుకోవాలి. కనీసం ఏడాదికోసారి తెరిచి, ఒక పాత బిల్లు తీసి, కాగితం మీద కొట్టి చూసుకోవాలి.